పొగనాచు

రేవు కాలనీలో తెల్లబట్ట కట్టే అలవాటు ఎవరికీ లేదు. కట్టకూడదని కట్టడేమీ లేదు గానీ, పొద్దున ఉతికి తీగ మీద వేసిన చొక్కా మధ్యాహ్నానికల్లా బూడిదరంగుకి దిగిపోతుంటే ఎవడు మాత్రం కడతాడు? కాలనీకి ఒక పక్క బొగ్గుగుట్టలు, ఇంకో పక్క కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టాలు. అక్కడి ఆడవాళ్ళు పెళ్ళిచీర కూడా ముదురు రంగే కొనేవారు. మా ఇంట్లో పాలకి నల్లమీగడ కడుతుందని వాళ్ళలో వాళ్ళు వేళాకోళం చేసుకునేవారు. అలాంటి చోట ఎర్నమ్మ మల్లెపువ్వులాంటి తెల్లచీర కట్టుకుని వాకిట్లో మంచమేసుకుని కూర్చుందంటే అది ఊరకే పోయే సంగతి కాదు. దారిన పోయేవాళ్ళు ఆగి మరీ చూసిపోయారు.

ఆ చీర కొనిచ్చింది కూతురు నూకరత్నం. ఊరి గాలిని ఉతికి ఆరేసింది కూడా ఆ కూతురే అని నీలిరేవు పట్టణమంతా చెప్పుకునేది. ఎర్నమ్మ పడుచుదనమంతా రేవులో బొగ్గుతట్టలు మోసి కూతుర్ని చదివించింది. చదువు కూతురికి, దగ్గు తల్లికి మిగిలాయి. ఆ దగ్గు వినబడితేనే రత్నానికి చిన్నప్పుడు తెల్లవారినట్టు తెలిసేది. పెద్దయ్యాక, పెళ్ళయ్యాక, సూక్ష్మజీవుల మీద పరిశోధన చేసి పేరు ముందు డాక్టర్ అని పెట్టుకున్నాక కూడా, ఆమె చేసిన పనులన్నిటి వెనకా ఉన్నది ఆ దగ్గే. అది ఆపాలి. ఇంకే కోరికా ఆమెకి అంత గట్టిగా ఉండేది కాదు.

అందుకే యూరప్‌లో ఒక పాత బొగ్గునగరంలో పరిశోధనకి అవకాశం వస్తే ఎగిరి గంతేసి వెళ్ళింది. అక్కడ ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉండేది. ఊరి నడుమ చర్చి గోడలో ఒక్క మూల మాత్రం తుడవకుండా నల్లగా వదిలేసి, దాని చుట్టూ కంచె కట్టారు. తాతల కాలంలో ఊరంతా ఇలాగే ఉండేదని పిల్లలకి చూపించడానికట. రత్నం ఆ నల్లమూల ముందు నిలబడి చాలాసేపు కదల్లేదు. తన ఊళ్ళో కంచె కట్టాలంటే తెల్లగా ఉన్న చోటికి కట్టాలి.

ఆ ల్యాబ్ పెద్ద మార్లీన్ అనే ఆవిడ ముక్కుసూటి మనిషి. మీరెలా చేశారని రత్నం అడిగితే దాచకుండా చెప్పింది. ముందు బొగ్గుపొగ కలిసిన పొగమంచు కమ్మి జనం చచ్చిపోయారు. అప్పుడు ఇళ్ళలో బొగ్గు కాల్చకూడదని చట్టం చేశారు. తర్వాత ఫ్యాక్టరీ గొట్టాలు ఎత్తు పెంచారు. పొగ పక్క దేశం మీదికి పోయి అక్కడ యాసిడ్ వాన కురిసింది. వాళ్ళు తిట్టిపోశాక గొట్టాలకి జల్లెడలు బిగించారు, బొగ్గు తగ్గించి గ్యాసు తెచ్చారు, పెట్రోలులోంచి సీసం తీసేశారు. ఒక మనిషి జీవితమంత కాలం పట్టింది. చివరికి బాగా మురికి ఫ్యాక్టరీలు మూతబడ్డాయి. మూతబడ్డాయంటే మాయమైపోలేదు, మీవైపు వచ్చేశాయి అని మార్లీన్ నవ్వబోయి నవ్వలేకపోయింది.

పొగనాచు పుట్టింది ఆవిడ ల్యాబులోనే. చూడ్డానికి నూతి గట్టు మీది పాచికీ దీనికీ తేడా ఉండదు. గాజు పళ్ళెంలో ఒక అంచున నాచు పోగు, ఇంకో అంచున మసి చుక్క పెట్టి వదిలేస్తే, మర్నాటికి నాచు తడుముకుంటూ మసి దగ్గరికి చేరేది. చేరి, అల్లుకుని, తినేసేది. మసి అయిపోయాక తనే ఎండి చేపపొలుసులా రాలిపోయేది. కానీ దాన్ని తయారుచేసేసరికే వాళ్ళ ఊరి గోడలన్నీ తెల్లబడి ఉన్నాయి. నాచుకి తిండి పెట్టాలంటే ఊరంత మసి కావాలి. ఆ మసి ఎక్కడుందో రత్నానికి చెప్పాల్సిన పని లేదు.

నీలిరేవుకి తిరిగొచ్చి రత్నం చేరిన ల్యాబుకి డైరెక్టరు చయనులు గారు. మంచివాడే, కాకపోతే తొందర మనిషి. వాళ్ళు కాలినడకన పోయారని మనమూ కాళ్ళీడ్చాలా, బస్సుంటే ఎక్కమా అనేవాడు. రత్నానికి అంతకంటే తొందర. జల్లెడలు, చట్టాలు, బొగ్గు మానెయ్యడాలు అని కూర్చుంటే తల్లి బతికుండగా అవుతుందా? నాచుని గంజిలో కలిపి సున్నం కుంచెలతో ఊళ్ళో గోడలన్నిటికీ పూయించారు. ఫ్లైఓవర్ స్తంభాలకీ, ఫ్యాక్టరీ ప్రహరీలకీ, బొగ్గుగుట్టల చుట్టూ కట్టిన అడ్డుగోడలకీ పూశారు. వానాకాలం దాటేసరికి ఊరు పచ్చబడింది, గాలి తేటపడింది. పాతగోడల మీద నాచు రాలినప్పుడు పగుళ్ళలోకి దిగిన చోట సున్నం పెచ్చులు కూడా ఊడొచ్చేవి. సున్నమే కదా, మళ్ళీ వేయిద్దాం అన్నారు చయనులు గారు. ఫ్యాక్టరీవాళ్ళు మాత్రం గోడలే తింటుంటే గొట్టాలకి జల్లెడలెందుకని ఉన్నవి కూడా ఆపేశారు. పొగ వస్తూనే ఉంది, ఊరు దాన్ని తింటూనే ఉంది.

అప్పటికి రత్నానికి పైడి పుట్టి ఎనిమిదో నెల. భర్త త్రినాథ్ ఓడల్లో ఇంజనీరు, ఏడాదిలో సగం సముద్రం మీదే. పిల్లని పెంచేదంతా ఎర్నమ్మే. మనవరాలికి కాటుక బజార్లో కొనడం ఆవిడకి నచ్చదు. ఆముదం దీపం మీద ఇత్తడి పళ్ళెం బోర్లించి, పట్టిన మసిని గీకి, నేతితో మెదిపి, తనే చేసేది. పొద్దున నీళ్ళు పోశాక కళ్ళకి కాటుక, బుగ్గన ఒక చుక్క, అరికాల్లో ఒక చుక్క. డాక్టరమ్మ కూతురని దిష్టి ఊరుకుంటుందా అనేది.

ఒకనాడు పొద్దున ఆ బుగ్గ చుక్క పచ్చగా కనబడింది.

రత్నం దగ్గరికి తీసి చూసింది. నీళ్ళతో తుడిస్తే పోలేదు. సన్నటి పోగులు చర్మం మీద చీమకాళ్ళలా పరుచుకుని ఉన్నాయి. నాచు మనిషి ఒంటి మీద బతకదని మార్లీన్ ల్యాబులో పరీక్షించి మరీ తేల్చారు. ఔను, బొగ్గు బూడిదతో పరీక్షించారు, పొడి చర్మం మీద పరీక్షించారు. చంటిపిల్లల బుగ్గకి నేతితో మెదిపిన మసిని, తడి ఆరకముందే, ఒకే చోట, రోజూ పెట్టే మనుషులు ప్రపంచంలో ఉంటారని ఆ ల్యాబులో ఎవరూ ఊహించలేదు. తన బుగ్గన చుక్కతో పెరిగిన రత్నానికైనా తోచాలి కదా? తోచలేదు. వెచ్చగా, జిడ్డుగా, ఉప్పగా ఉండే చోట బతకడం నాచు ఆ చుక్కల మీదే నేర్చుకుంది.

కాలనీలో వాకబు చేస్తే ఇంకా చాలామంది పిల్లలకి ఉంది. చయనులు గారు ముందు కంగారుపడి, కారణం తెలిశాక తేలికపడ్డారు. కాటుక మానెయ్యమంటే సరిపోయె, దీనికింత హైరానా ఎందుకన్నారు. మైకు కట్టిన ఆటోలు తిరిగాయి. పిల్లలకి కాటుక పెట్టరాదు, పెట్టినది వెంటనే తుడిచెయ్యాలి. రత్నం ఇంటికొచ్చి తల్లికి అదే చెప్పింది. ఎర్నమ్మ గొణుక్కుంది. ఆనక, అమ్మమ్మలందరూ చేసేదే చేసింది. కొంగు చివర నోట్లో పెట్టుకుని తడిచేసి, పిల్ల బుగ్గన చుక్క తుడిచి, మళ్ళీ అదే కొంగు నోట తడిపి, కంటి కాటుక తుడిచి, అయిపోయాక ఆ బుగ్గనే గట్టిగా ముద్దు పెట్టుకుంది. రత్నం అక్కడే నిలబడి చూస్తూ, పచ్చదనం పోయిందా లేదా అనే చూసుకుంది. ఆ సాయంత్రం కాలనీలో ప్రతి ముసలమ్మా అదే పని చేసింది. పిల్లల బుగ్గలు బాగుపడ్డాయి.

కొన్నాళ్ళకి ఎర్నమ్మ దగ్గు తగ్గింది. ఇంకొన్నాళ్ళకి ఆగిపోయింది.

ఆ రోజు పొద్దున రత్నం ఇంట్లో ఏదో లోటు తోచి లేచింది. చెవులు రిక్కించి విన్నా ఏమీ వినబడలేదు. పరుగెత్తి చూస్తే, తల్లి వెల్లకిలా పడుకుని హాయిగా నిద్రపోతోంది. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడదని ఆవిడ ఎప్పుడూ గోడకి జారగిలబడి నిద్రపోయేది. రత్నం గుమ్మంలో కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. సంతోషంతోనే ఏడ్చింది. నల్లగా పడే కళ్ళె తెల్లబడింది. ఎర్నమ్మ వీధి చివర పంపు దాకా బిందెతో వెళ్ళి రాసాగింది. అప్పుడే ఆ తెల్లచీర కొన్నారు.

ఎర్నమ్మ ఒక్కతే కాదు. కాలనీలో బొగ్గు మోసిన ముసలివాళ్ళందరికీ అలాగే అయింది. పక్కింటి అసిరయ్య మూడేళ్ళుగా మంచం దిగనివాడు, డప్పు తీసి వాయించడం మొదలుపెట్టాడు. జనం ఊరుకుంటారా? పచ్చగా ఉన్న అడ్డుగోడకి పసుపు రాసి బొట్లు పెట్టి నాచుతల్లి అన్నారు. నీకు గుడి కట్టెయ్యడం ఒక్కటే తక్కువని రత్నాన్ని ఏడిపించారు. ఎలా తగ్గింది, ఎందుకు తగ్గింది అని రత్నం అడగాలి. అడగడమే ఆమె చదువు. గాలి బాగుపడింది కాబట్టి తగ్గిందని తనకి తనే చెప్పుకుంది. పాడైన ఊపిరితిత్తులు అలా బాగుపడవని తెలిసి కూడా ఎవరినీ అడగలేదు, ఒక్క ఎక్స్‌రే తీయించలేదు. తల్లి వెల్లకిలా పడుకుంటోంది. దాన్ని తవ్వి చూడ్డానికి చేతులు రాలేదు.

అసిరయ్య ఒక ఆదివారం టీకొట్టు దగ్గర కూర్చుని, నవ్వుతూ నవ్వుతూ దగ్గాడు. రెండోసారి దగ్గితే నెత్తురు పడింది. ఆసుపత్రికి చేర్చేలోపే పోయాడు. కోసి చూసిన డాక్టరు రత్నానికి కబురుపెట్టి, ఇతను బొగ్గుకూలీ అని రాశారు, పొరపాటేమో అన్నాడు. ఊపిరితిత్తులు చంటిపిల్లాడివిలా గులాబిరంగులో ఉన్నాయి, మసి లేదు, మచ్చ లేదు. కాకపోతే లోపలి పొర పెచ్చులు పెచ్చులుగా ఊడిపోయి ఉంది. ట్రేలో నెత్తుటి నడుమ ఎండిన పచ్చటి పొలుసులు రత్నానికి కనబడ్డాయి. పాతగోడల సున్నం ఎలా ఊడిందో ఆమె కళ్ళారా చూసిందే.

నాచుకి కావలసింది మసి. పిల్లల బుగ్గన మనిషి ఒంటిని రుచి చూసింది. ముసలమ్మల నోట్లోంచి, వాళ్ళ దగ్గుల మీదుగా మిగతావాళ్ళకీ పాకి, జీవితమంతా పేరుకున్న బొగ్గు దగ్గరికి తడుముకుంటూ చేరింది. తిన్నంతకాలం మనిషికి హాయి. తిండి అయిపోయిన రోజున ఎండి, పట్టుకున్న చోటునల్లా ఊడబెరుక్కుని రాలిపోతుంది. మందు వేసి చంపినా అంతే, చచ్చినా రాలిపోతుంది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది.

మర్నాడే ఎర్నమ్మకి ఎక్స్‌రే తీయించింది. పైభాగమంతా మచ్చ లేకుండా, శుభ్రంగా ఉంది. ఫిలింలో తెల్లమచ్చలుగా కనబడే మసి అడుగున మాత్రం కాస్త మిగిలింది. ఆ మసి ఉన్నన్నాళ్ళే అమ్మ ఉంటుందని ఆమెకి అర్థమైంది. ఇన్నేళ్ళూ ఏ మసి పోవాలని దేవుళ్ళకి మొక్కిందో, ఇప్పుడు అదే ఇంకొంచెం ఉంటే బాగుండునని ఫిలిం దీపానికెదురుగా పట్టుకుని వెతికింది.

దారి చూపించింది కూడా ల్యాబే. పళ్ళెంలో ఎండబోతున్న నాచుకి చిటికెడు మసి పెడితే మళ్ళీ పచ్చబడింది. అంటే తిండి ఆగకూడదు. చయనులు గారు ఆ పళ్ళెం దగ్గరికి లాక్కుని చూశారు. మనిషి ఒక్కసారిగా ముసలివాడైనట్టు కనిపించాడు. ఫోనులో మార్లీన్ ఏడ్చింది. మేం నెమ్మదిగా చేసిన పనిలో, నాచు పుట్టకముందే మా ముసలివాళ్ళు ఊపిరితిత్తుల్లో మసితోనే చచ్చిపోయారు రత్నా, మాకిది తెలిసే వీలు లేకపోయింది అంది.

నెల తిరక్కుండా ఫ్యాక్టరీ ప్రహరీ పక్కన ఒక పొడుగాటి గది లేచింది. పొగగొట్టంలోంచి గొట్టం ఒకటి ఆ గదిలోకి తిప్పారు. దానికి విశ్రాంతి మందిరం అని బోర్డు పెట్టారు. రోజూ కాసేపు కాలనీ ముసలివాళ్ళు వెళ్ళి, బల్లల మీద వరసగా కూర్చుని, తలుపులు బిగించాక పొగ పీల్చుకుని వచ్చేవారు. కొడుకులూ కోడళ్ళూ బయట తేటగాలిలో నిలబడి ఎదురుచూసేవారు. ఆ ఏడే నీలిరేవుకి స్వచ్ఛమైన గాలికి బహుమతి వచ్చింది. దేశదేశాలవాళ్ళు చూడ్డానికి వచ్చారు. వాళ్ళ బస్సులు ఆ గది ఉన్న రోడ్డున రాకుండా చూసుకున్నారు.

ఎర్నమ్మ ఆ గదికి ఒక్కసారే వెళ్ళింది. వచ్చాక తెల్లచీర విప్పి, బకెట్లో నానబెట్టి, దాని వంక చూస్తూ కూర్చుంది. ఇంక పోనంది. రత్నం బతిమాలింది, కోప్పడింది, పిల్ల మీద ఒట్టు పెట్టబోయింది. ఎర్నమ్మ చీర పిండి తీగ మీద ఆరేసింది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. రత్నం కొత్త ఎక్స్‌రే తీయిస్తే అడుగున మసి గోరంతకి వచ్చింది.

చివరికి ఒక మధ్యాహ్నం రత్నమే కుంపటి కొని తెచ్చింది. పైడిని పక్కింట్లో వదిలి, తల్లి గది తలుపూ కిటికీలూ మూసి, సందుల్లో గుడ్డలు కుక్కి, బొగ్గులు రాజేసింది. పొగ లేచి కళ్ళు మండాయి. తన ఇంట్లో, తన చేత్తో, తను పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ దేని మీద యుద్ధం చేసిందో దాన్నే పిలిచి కూర్చోబెట్టింది.

మంచం మీంచి ఎర్నమ్మ ఆ పని అంతా చూసింది. రత్నం పక్కన వచ్చి కూర్చున్నాక అడిగింది.

"ఇది ఎన్నాళ్ళు?"

"రోజూ కాసేపమ్మా. అంతే. పీలిస్తే నీకేం కాదు."

"నువ్వూ పీలుస్తావా నా పక్కన కూకుని?"

"పీలుస్తాను."

"రేపు పైడి తలుపు తోసుకుని వొచ్చి ఒళ్ళో కూకుంటాది. అదీ పీలుస్తాది."

రత్నం దగ్గరికి జరిగింది. తల్లి చెయ్యి పట్టుకుని, నా కోసం పీల్చమ్మా, ఒక్క నా కోసం అంది. ఎర్నమ్మ మెల్లగా ఆ చెయ్యి విడిపించుకుంది.

"నీ కోసమే పీల్సినానే ఇన్నాళ్ళూ. తట్ట దించి ఒక్క దమ్ము గాలి పీల్సుకుందామంటే గుట్ట మీంచి పొడే వొచ్చీది. నీ సదువు అయ్యేదాకా అనుకుని పీల్సినాను. నీ పెళ్ళి అయ్యేదాకా అనుకుని పీల్సినాను. నా రొమ్ము నిండా గాలి పట్టడం ఎలగుంటాదో నాకు తెల్దు. నువ్వు సూపించినావు. ఇప్పుడు మళ్ళీ అది తినమంటావా?"

మంచం పక్కనున్న చెంబు తీసి ఎర్నమ్మ కుంపటిలో నీళ్ళు కుమ్మరించింది. బొగ్గులు చుయ్యిమని ఆరిపోయాయి. గదంతా తెల్లటి ఆవిరి లేచింది. రత్నం తల్లి ఒళ్ళో తల పెట్టుకుని, చిన్నపిల్లలా గొంతెత్తి ఏడ్చింది. నేనే నిన్ను చంపుతున్నానమ్మా, నా తొందర నిన్ను చంపుతోంది అని పదేపదే అంది. ఎర్నమ్మ ఆమె జుట్టులోకి వేళ్ళు పోనిచ్చి నిమురుతూ ఉండిపోయింది. కాదనలేదు. ఓదార్చడానికి అబద్ధం చెప్పే అలవాటు ఆవిడకి ఏనాడూ లేదు. చివరికి, నువ్వు ఇచ్చింది కొన్నాళ్ళకే ఇచ్చినావు, అయినా ఇచ్చినావు కదా అంది.

పక్కింట్లోంచి పైడి కేరింతలు వినిపిస్తున్నాయి. గదిలో పొగ ఇంకా పోలేదు. అది ఉన్నంతసేపూ అమ్మకి ఏమీ కాదని రత్నం మనసు లెక్క కడుతూనే ఉంది. ఇంకొంచెంసేపు, ఇంకొక్క ఊపిరి.

"ఉక్కగా ఉన్నాది. ఆ కిటికీ తియ్యే" అంది ఎర్నమ్మ.

రత్నం లేచింది. సందుల్లో కుక్కిన గుడ్డలు ఒక్కొక్కటే లాగింది. గడియ మీద చెయ్యి వేసి, వెనక్కి తిరిగి తల్లిని చూసింది. ఎర్నమ్మ అప్పటికే వెల్లకిలా పడుకుని, కళ్ళు మూసుకుని, గాలి కోసం ఎదురుచూస్తోంది. రత్నం కిటికీ రెక్కలు రెండూ బార్లా తీసింది. సముద్రం మీంచి గాలి గుప్పున లోపలికి వచ్చింది. అందులో మసి నలుసైనా లేదు.